పోషకులను కూడగట్టడం: ఒప్పందం ఎలా రాయాలి, లెక్క ఎక్కడ తప్పుతుంది

తాటాకు

రచన, సంగీతం, బొమ్మలు, అనువాదం, నిఘంటువులు, ఉచిత సాఫ్ట్‌వేర్, స్వతంత్ర పరిశోధన. వీటిలో చాలావాటికి పాఠకులు, వాడుకదారులు బోలెడుమంది ఉంటారు గానీ అమ్ముకుని బతికే దారి ఉండదు. పాతకాలపు పోషకత్వాన్ని ఇప్పటి పద్ధతుల్లో మళ్లీ నిలబెట్టడం గురించి ఈ చర్చ.

నాకు కావలసినవి మూడు. ఒకరిద్దరు పెద్ద పోషకులు మేలా, వందలమంది చిన్న పోషకులు మేలా? కాగితం మీద ఏం రాసుకోవాలి? బదులుగా ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు? కళలను ఆదరించాలా వద్దా అన్నదాంట్లో ఇక్కడ ఎవరికీ పేచీ లేదు కాబట్టి ఆ ఉపన్యాసాలు వద్దు. అంకెలతో, షరతులతో రాయండి.

---

మూడోగంట

ఒప్పందం దగ్గరే మొదలుపెడదాం. దీనికి సంగీతకర్త బీథోవెన్ ఉదంతాన్ని మించిన పాఠం లేదు.

1809 మార్చిలో వియన్నాలో ముగ్గురు ప్రభువులు ఆయనకు ఏటా 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని రాసిచ్చారు. రుడాల్ఫ్ 1,500, కిన్‌స్కీ 1,800, లోబ్‌కోవిట్జ్ 700. షరతు ఒక్కటే, వియన్నాలో గానీ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలోని ఇంకో ఊళ్లో గానీ ఉండాలి. జర్మనీలోని కాసెల్‌లో నెపోలియన్ తమ్ముడు జెరోమ్ బోనపార్ట్ కొలువు నుంచి పిలుపు వచ్చింది కాబట్టి ఆ షరతు. ఏం రాయాలో, ఎన్ని రాయాలో ఎక్కడా లేదు. చూడటానికి ఇంతకంటే మంచి ఒప్పందం దొరకదు.

రెండేళ్లే గడిచాయి. 1811లో ఆస్ట్రియా కాగితపు డబ్బు విలువ తెగ్గోసింది. ఒప్పందంలో అంకె అదే, దాని అసలు విలువ మాత్రం పడిపోయింది. రుడాల్ఫ్ కొత్త కరెన్సీలో పూర్తి మొత్తం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కిన్‌స్కీ కూడా సరేనన్నాడు, కానీ నోటిమాటగా. 1812 నవంబరులో ఆయన గుర్రం మీంచి పడి చనిపోయాడు. కాగితం లేదు కాబట్టి వారసులు అడ్డం తిరిగారు. లోబ్‌కోవిట్జ్ దివాలా దారి పట్టి చెల్లింపులే ఆపేశాడు. వ్యవహారం కోర్టుకెక్కి, 1815లో ఏటా 3,400కి తేలింది.

ముగ్గురి విషయంలో మూడు రకాల ముప్పు కనిపిస్తోంది చూడండి. ద్రవ్యోల్బణం, మరణం, దివాలా. ఎవరూ మోసం చేయలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా డబ్బు ఆగింది. కాబట్టి ఏ పోషక ఒప్పందంలోనైనా ముందు రాసుకోవలసినవి ఈ కింది మూడు. ఏటా ధరల సూచీతో పాటు మొత్తం పెరగాలి. పోషకుడు పోతే ఆ ఏడాది మిగతా వాయిదాలు ఆయన ఆస్తి నుంచి రావాలి. మాట మారితే అదే వారంలో కాగితం మీదికి ఎక్కాలి.

---

లెక్కలపద్దు

చిన్న పోషకుల వైపు లెక్క నేను రాస్తాను. ఏటా తలా కొంత ఇచ్చే వెయ్యిమంది గట్టి అభిమానులుంటే కళాకారుడు బతకగలడని 2008లో రచయిత కెవిన్ కెల్లీ చెప్పిన "వెయ్యిమంది నిజమైన అభిమానులు" సూత్రం అందరి నోటా ఉంది. ఆ సూత్రంలో కనబడని అంకె ఒకటుంది, నెలనెలా జారిపోయేవాళ్ల శాతం.

నెలకు 4 శాతం మంది మానేస్తారనుకోండి. వందమందితో మొదలుపెడితే ఏడాది చివరికి మిగిలేది 61 మంది. అదే 2 శాతమైతే 78. అంటే 4 శాతం జారుడు ఉన్నచోట 200 మందిని నిలబెట్టుకోవాలంటే ప్రతి నెలా 8 మంది కొత్తవాళ్లు రావాలి. సంఖ్య పెరగడానికి కాదు, ఉన్నచోట ఉండటానికే. చాలామంది మొదటి రెండు నెలల ఊపు చూసి ఉద్యోగం మానేస్తారు, ఎనిమిదో నెలలో బెంబేలెత్తుతారు.

ఆ జారిపోయేవాళ్లలో కొందరు మానేయాలని మానేసినవాళ్లు కారు. కార్డు గడువు తీరిపోతుంది, బ్యాంకు చెల్లింపు తిప్పికొడుతుంది, ఎవరూ పట్టించుకోరు. గడువు తీరే నెల ముందే ఒక ఈమెయిలు, చెల్లింపు విఫలమైతే మూడో రోజు, ఏడో రోజు మళ్లీ ప్రయత్నం, అప్పటికీ కాకపోతే స్వయంగా రాసిన రెండు వాక్యాల ఉత్తరం. కొత్తవాళ్లను వెతకడం కన్నా ఇది ఎంతో చవక.

రెండోది రుసుము. ఆన్‌లైన్ చెల్లింపులో శాతంతో పాటు స్థిర రుసుము ఒకటుంటుంది. 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు అనేది కార్డులకు బాగా వాడుకలో ఉన్న రేటు. నెలకు 3 డాలర్లు తీసుకుంటే అందులో 39 సెంట్లు, అంటే దాదాపు 13 శాతం అక్కడే పోతుంది. అదే మనిషి దగ్గర ఏడాదికి ఒకేసారి 36 డాలర్లు తీసుకుంటే పోయేది 1.34 డాలర్లు, 4 శాతం లోపే. చిన్న మొత్తాలకు వార్షిక చందాయే దారి. పైగా ఏడాదికి ఒక్కసారే "కొనసాగించాలా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది, పన్నెండుసార్లు కాదు.

ఇక అడగవలసిన మొత్తం. చేతికి 100 కావాలంటే 100 అడిగితే సరిపోదు. చందాలు వసూలు చేసిపెట్టే ఆన్‌లైన్ వేదిక, చెల్లింపు రుసుములకు 8 శాతం, పన్నుకు పక్కన పెట్టేది 15, నిల్వకు 10 అనుకుంటే మిగిలేది 67 శాతం. 100ను 0.67తో భాగించండి, 149 వస్తుంది. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, భాగహారం మాత్రం ఇదే. నిల్వ ఆరు నెలల ఖర్చుకు చేరేదాకా ఆ 10 శాతం ముట్టుకోకూడదు.

---

అరసున్న

వెయ్యిమందిని సంతోషపెట్టడం కన్నా ఒక రాజును సంతోషపెట్టడం తేలికని పూర్వకవులకు తెలియకనా!

వేళాకోళం పక్కన పెడితే, పెద్ద పోషకుణ్ణి మరీ భూతంలా చూడనక్కర్లేదు. రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీకి నదేజ్దా వాన్ మెక్ అనే సంపన్న వితంతువు ఏటా 6,000 రూబుళ్లు ఇచ్చింది. ఇద్దరూ కలుసుకోకూడదన్నది వాళ్ల నియమం. ఉత్తరాలు మాత్రం వందల్లో నడిచాయి. ఆ డబ్బుతోనే ఆయన 1878లో మాస్కో కన్సర్వేటరీలో పాఠాలు చెప్పడం మానేసి రాసుకోగలిగాడు. వందలమంది చిన్న పోషకులుంటే వాళ్లకు నెలనెలా కబుర్లు చెప్పాలి, ఫొటోలు పెట్టాలి, "ఈ వారం ఏం చేశానంటే" అని రాయాలి. అదొక కొలువే. యజమానులు మాత్రం వందలమంది.

పెద్ద పోషకుడితో అసలు ప్రమాదం హక్కులు. సంగీతకర్త హైడన్ 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు రాసిన ఒప్పందం ప్రకారం ఆయన కూర్చిన సంగీతం ప్రభువుకే సొంతం. ఇంకొకరికి నకలు ఇవ్వకూడదు, అనుమతి లేకుండా బయటివాళ్లకు రాయకూడదు. 1779లో కొత్త ఒప్పందం వచ్చాకే ప్రచురణకర్తలకు అమ్ముకునే వీలు దొరికింది. జీతం, కొలువు, వాద్యబృందం అన్నీ ఉన్నాయి, పద్దెనిమిదేళ్లపాటు తన పని తనది కాలేదు.

---

చిత్తుప్రతి

మూడోగంట, అరసున్న చెప్పినవి కలిపి, ఒక వ్యక్తికీ ఒక పెద్ద పోషకుడికీ మధ్య రెండు పేజీల ఒప్పందంలో ఏ మాటలు ఉండాలో రాస్తున్నాను. వకీలుకు చూపించే ముందు చిత్తుగా పనికొస్తుంది.

పని వర్ణన: "రచయిత ఈ కాలంలో తనకు నచ్చిన రీతిలో ఫలానా రంగంలో పనిచేస్తారు" అంటే చాలు. పుటల సంఖ్య, తేదీలు రాశారంటే అది పోషణ కాదు, ఆర్డరు. ఆర్డరు తీసుకోవడం తప్పేం కాదు గానీ దాని రేటు వేరు, ఒప్పందం వేరు. రెంటినీ ఒకే కాగితంలో కలిపితే తర్వాత గొడవంతా ఈ వాక్యం మీదే నడుస్తుంది.

గడువు, వాయిదాలు: కనీసం రెండేళ్లు, మేలైనది మూడేళ్లు. మూడు నెలలకొక వాయిదా, అదీ ముందుగా. త్రైమాసికం చివర్లో ఇచ్చే డబ్బుతో ఆ త్రైమాసికం గడవదు. అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ ఈ పద్ధతికి మంచి నమూనా. ఐదేళ్లపాటు మూడు నెలలకొక విడత ఇస్తారు, మధ్యలో నివేదికలు అడగరు.

విరమణ: ఇదే అన్నిటికంటే ముఖ్యం, అందరూ మొహమాటపడి వదిలేసేదీ ఇదే. "ఏ పక్షమైనా ఆరు నెలల నోటీసుతో విరమించవచ్చు. నోటీసు తర్వాతి మొదటి త్రైమాసికానికి పూర్తి వాయిదా, రెండో త్రైమాసికానికి సగం చెల్లుతుంది." పోషకుడికి కూడా ఇది మేలే. గౌరవంగా తప్పుకునే దారి ఉన్నప్పుడే మనిషి ధైర్యంగా లోపలికి వస్తాడు.

హక్కులు: కాపీరైటు మొత్తం చేసినవారిదే. పోషకుడికి దక్కేది పేరు ప్రస్తావన, ఒక ప్రతి. పేరు ఎక్కడ, ఎంత పరిమాణంలో, ఎన్ని ముద్రణల వరకు అన్నది రాసుకోండి. పేరు తీసేయమని పోషకుడు అడగొచ్చు, పోషకుడి పేరు తీసేసే హక్కు చేసినవారికీ ఉండాలి. రేపు ఆయన ఏ కుంభకోణంలో చిక్కుతాడో ఎవరికెరుక?

జోక్యం: "ప్రచురణకు ముందు చూపించవలసిన అవసరం లేదు." ఒకే వాక్యం. దీనికి ఒప్పుకోని పోషకుడు ఎంత పెద్ద మొత్తం ఇస్తానన్నా, ఆ మొత్తాన్ని సంపాదకీయ హక్కు ధరగానే లెక్కవేయండి.

వాటా పరిమితి: ఇది ఒప్పందంలో రాసేది కాదు, మన దగ్గర పెట్టుకునే నియమం. ఏ ఒక్కరి వాటా ఏడాది ఖర్చులో నాలుగో వంతు దాటకూడదు. దాటితే ఆ అదనాన్ని నిల్వలో వేయండి, నెలవారీ ఖర్చులోకి రానివ్వకండి.

---

తాటాకు

చిత్తుప్రతి గారూ, కృతజ్ఞతలు. నోటీసు వాక్యం ఇంత సూటిగా ఎక్కడా చూడలేదు. ఇప్పటిదాకా కళాకారుల గురించే మాట్లాడాం. సాఫ్ట్‌వేర్, పరిశోధన లాంటి వృత్తిపనులకు ఇదే సూత్రం నడుస్తుందా? అక్కడ పోషకులు మనుషులు కాదు, కంపెనీలు.

---

కోడుకాపరి

నడవదు, వేరే దారి పట్టాలి. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా చేరవేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉదాహరణ చాలు. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి ఇంటర్నెట్‌లో భద్రమైన చెల్లింపుల్లో పెద్దభాగం దాని మీదే నడుస్తోంది. దానికి విరాళాలుగా వచ్చేది ఏడాదికి దాదాపు 2,000 డాలర్లు. లోపం బయటపడ్డాకే లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల చేత డబ్బు పెట్టించి ఒక నిధి ఏర్పాటు చేసింది. అవసరం లేక కాదు, మనసు లేక కూడా కాదు. చాలా కంపెనీల్లో ఇలాంటి పనికి "విరాళం" అనే పద్దు ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇంజనీరుకు మీ పని విలువ తెలుసు, కానీ సంతకం చేసే అధికారం లేదు. సంతకం చేసే మేనేజరుకు బడ్జెట్ ఉంది, అది "నిర్వహణ", "సపోర్టు", "శిక్షణ" అనే పద్దుల్లో ఉంది. కాబట్టి కంపెనీ దగ్గర విరాళం అడక్కండి. సపోర్టు ఒప్పందం పేరుతో ఇన్‌వాయిస్ పంపండి. అందులో మూడు విషయాలుంటే చాలు: భద్రతా లోపం తెలిస్తే ఎన్ని పనిదినాల్లో జవాబిస్తారు, ఏ వెర్షన్లను ఎన్నాళ్లు నిలబెడతారు, ఏడాదికి ఎన్ని గంటలు సందేహాలు తీరుస్తారు. కోడు మాత్రం అందరికీ ఉచితంగానే ఉంటుంది. కంపెనీ కొంటున్నది కోడు కాదు, రేపు కూడా దాన్ని చూసుకునే మనిషి ఉంటాడన్న భరోసా.

బెడిసికొట్టేది ఎక్కడంటే, కంపెనీ మీ పేరుతో వెండర్ (సరఫరాదారు) నమోదు అడుగుతుంది. వ్యక్తిగత ఖాతాకు చాలా కంపెనీలు చెల్లించవు. దీనికి ఫిస్కల్ హోస్ట్ అనే సంస్థల సాయం తీసుకోవచ్చు. వాళ్లు తమ పేరుతో డబ్బు తీసుకుని, కొంత శాతం ఉంచుకుని మిగతాది మీకిస్తారు. లెక్కలు, రశీదులు వాళ్లే చూస్తారు. చేరేముందు రెండు ప్రశ్నలు వేయండి: ఆ సంస్థ మూతపడితే నిల్వ ఎవరిది? విడిపోవాలంటే డబ్బు ఎన్ని రోజుల్లో బదిలీ అవుతుంది? ఈ రెంటికీ రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ఇంకో మాట. కంపెనీల్లో బడ్జెట్ ఏడాదికి ఒక్కసారే ఖాయమవుతుంది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే మూడు నాలుగు నెలల ముందు అడిగితే పద్దులోకి ఎక్కుతుంది. మొదలయ్యాక అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

---

దీపస్తంభం

బదులుగా ఇచ్చే కానుకల గురించి ఎవరూ రాయలేదు. పోషకులను కూడగట్టినవాళ్లు ఎక్కువగా మునిగేది ఇక్కడే.

150 మందికి మూడు నెలలకొకసారి చేత్తో రాసిన కార్డు పంపుతామన్నారనుకోండి. కార్డు రాయడానికి ఆరు నిమిషాలు, చిరునామా సరిచూసి కవరు అంటించడానికి రెండు. మొత్తం 1,200 నిమిషాలు, ఇరవై గంటలు. మూడు నెలలకొకసారి రెండున్నర పనిదినాలు కార్డులకే. తపాలా ఖర్చు వేరు, తిరిగొచ్చినవి మళ్లీ పంపడం వేరు, "నాకు రాలేదు" అన్న ఉత్తరాలకు జవాబులు వేరు. టీషర్టులు, కప్పులు అయితే సైజులు, పగుళ్లు కూడా.

నియమం ఒక్కటి పెట్టుకోండి. మనుషుల సంఖ్య పెరిగితే శ్రమ పెరిగే కానుక ఏదీ ఇవ్వకూడదు. పదిమందికైనా వెయ్యిమందికైనా ఒకే శ్రమ ఉండాలి. చిత్తుప్రతులు చూపించడం, వారం ముందు విడుదల చేయడం, పని వెనక లెక్కలూ తర్కమూ వివరిస్తూ ఒక ఉత్తరం, మూడు నెలలకొక ప్రశ్నోత్తరాల గంట. ఇక పేర్ల పట్టీ. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న కృతిభర్త పేరు దాని పీఠికలో, అంటే అవతారికలో, పద్యాలకెక్కినప్పటి నుంచీ దానికి విలువ తగ్గలేదు. పేరు తప్పు రాస్తే మాత్రం ఆ మనిషి మళ్లీ రాడు. అందుకే పేరు ఎలా కనబడాలో చేరేటప్పుడే వాళ్ల చేతే టైపు చేయించండి.

పని ఆగిన నెలలో ఏం చేయాలన్నది కూడా ముందే చెప్పి ఉంచాలి. "ఏడాదిలో రెండు నెలలు ఏమీ విడుదల కాకపోవచ్చు" అని చేరే పేజీలోనే రాయండి. చెప్పి ఆగినవాళ్లను జనం భరిస్తారు, చెప్పకుండా మాయమైనవాళ్లను వదిలేస్తారు.

---

లెక్కలపద్దు

వేదికల సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. పోషకుల నుంచి చందాలు సేకరించిపెట్టే పేట్రియాన్ 2013లో మొదలైంది. 2017 డిసెంబరులో ప్రతి చందా మీదా 2.9 శాతం, 35 సెంట్లు పోషకుల నుంచే వసూలు చేస్తామని ప్రకటించింది. ఒక డాలరు ఇచ్చేవాడికి 1.38 అవుతుంది. పదిమందికి ఒక్కో డాలరు ఇచ్చేవాడికి దెబ్బ పదిచోట్ల. జనం వెంటనే చందాలు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు, కొద్దిరోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి క్షమాపణ చెప్పింది. కానీ వెళ్లిపోయినవాళ్లందరూ తిరిగి రాలేదు, నష్టపోయినవాళ్లు కళాకారులు. తర్వాత 2024లో ఐఫోన్ యాప్ ద్వారా చేరేవాళ్ల చందాపై యాపిల్ 30 శాతం కమీషన్ గొడవ వచ్చింది.

వేదిక చెడ్డదని కాదు. రుసుము ఎవరు, ఎప్పుడు మారుస్తారో మన చేతిలో లేదు, అంతే. అందుకని నెలకొకసారి పోషకుల పేర్లు, ఈమెయిళ్లు దించుకుని మన దగ్గర పెట్టుకోవాలి. జాబితా తెచ్చుకోగలం గానీ కార్డు అనుమతులు సాధారణంగా తెచ్చుకోలేం. వేదిక మారితే ప్రతి మనిషీ మళ్లీ స్వయంగా నమోదు కావాలి, అక్కడ కొంతమంది రాలిపోవడం ఖాయం. చేరే లింకు యాప్‌లో కాకుండా వెబ్ పేజీకి వెళ్లేలా ఇవ్వండి. పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లను మొదటి నుంచీ నేరుగా బ్యాంకు బదిలీకి మళ్లించడం ఇంకా మంచిది.

---

అరసున్న

నెలనెలా కబుర్లు చెప్పడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 1990ల చివర్లో గుప్తలిపి నిపుణులు జాన్ కెల్సీ, బ్రూస్ ష్నయర్ ప్రతిపాదించిన పద్ధతి. వీధి గాయకుడు "పళ్లెంలో ఇంత పడితే తర్వాతి పాట పాడతా" అన్నట్టే. పని పూర్తిచేసి, లేదా దాదాపు పూర్తిచేసి, ఒక మొత్తం ప్రకటిస్తారు. డబ్బు మధ్యవర్తి దగ్గర జమవుతుంది. గడువులోపు మొత్తం చేరితే పని అందరికీ ఉచితంగా విడుదలవుతుంది, చేరకపోతే ఎవరి డబ్బు వారికి.

ఇందులో అందం ఏంటంటే దొంగప్రతుల భయం లేదు, డబ్బంతా ముందే వచ్చేసింది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎలాగూ అందరికీ దొరుకుతుంది కదా అని ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తాడు. అందుకే ఒక అధ్యాయమో, పదోవంతో ముందే ఉచితంగా వదలాలి, పెద్ద పనిని ముక్కలు చేసి ముక్కకో మొత్తం పెట్టాలి. మొదటి ముక్కకు తక్కువ పెట్టండి. అది గడువులోపు తీరితేనే రెండో ముక్క మీద నమ్మకం కుదురుతుంది. పేరున్నవాళ్లకు ఇది బాగా నడుస్తుంది, కొత్తవాళ్లకు నడవదని నా అభిప్రాయం.

---

మూడోగంట

> పేరున్నవాళ్లకు ఇది బాగా నడుస్తుంది

పేరున్నా నడవని సందర్భం ఒకటుంది. 1922లో కవి ఎజ్రా పౌండ్, బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న తోటికవి టి.ఎస్. ఎలియట్‌ను విడిపించాలని ముప్పైమందిని తలా పది పౌండ్ల చొప్పున కూడగట్టబోయాడు. ఏడాదికి 300 పౌండ్లు లక్ష్యం. లెక్క బాగానే ఉంది. కానీ ఎలియట్‌కు కావలసింది ఏళ్లతరబడి నిలిచే భరోసా. పైగా తన పేరుతో బహిరంగంగా చందాలెత్తడం ఆయనకు చిన్నతనంగా తోచింది. పథకం మూలపడింది.

కాబట్టి ఇంకొకరి కోసం మీరు పోషకులను కూడగడుతుంటే మొదటి మెట్టు ప్రకటన కాదు. ఆ మనిషినే కూర్చోబెట్టి అడగాలి: ఎన్నేళ్ల హామీ ఉంటే ఉద్యోగం వదులుతారు? మీ పేరు బయటపెట్టొచ్చా? వద్దంటే నిధికి ఇంకో పేరు పెట్టి, ముగ్గురు సభ్యులతో చిన్న కమిటీ వేసి, ఎవరు ఎంతిచ్చారన్నది ఆ ముగ్గురి దగ్గరే ఉంచాలి. ఎవరిచ్చారో తెలియకపోతే ఎవరికీ మొహమాటపడి రాయాల్సిన పని ఉండదు.

---

తాటాకు

ఒక్క సందేహం మిగిలింది. పోషకుడిచ్చిన డబ్బు పన్ను లెక్కల్లో కానుకా, ఆదాయమా?

---

చిత్తుప్రతి

దేశాన్ని బట్టి మారుతుంది, మీ ఆడిటర్‌నే అడగాలి. ఆయన అడిగేవి మాత్రం దాదాపు ఇవే, ముందే సిద్ధంగా ఉంచుకోండి. డబ్బుకు బదులుగా ఏమైనా వాగ్దానం చేశారా? ఆ డబ్బు క్రమం తప్పకుండా వస్తోందా? మీ వృత్తికి సంబంధించినదేనా? మూడింటికీ అవునంటే చాలాచోట్ల దాన్ని ఆదాయంగానే చూస్తారు, కాగితం మీద "కానుక" అని రాసుకున్నా సరే. దీపస్తంభం గారు చెప్పిన కానుకల్లో భౌతిక వస్తువులుంటే అమ్మకం పన్ను ప్రశ్న కూడా తోడవుతుంది, కార్డులూ కప్పులూ మానేయడానికి అది ఇంకో కారణం. పోషకులు వేర్వేరు దేశాల్లో ఉంటే ఎవరు ఏ దేశం నుంచి ఎంత ఇచ్చారో మొదటి నెల నుంచే ఒక పట్టికలో పెట్టండి. ఏడాది చివర వేదిక ఇచ్చే నివేదికలో ఆ వివరం ఎప్పుడూ ఉంటుందని అనుకోకండి.